వేసవి శిబిరమున ప్రతి బిడ్డకును చోటు

ఏప్రిల్ మాసాంతమున బడులకు సెలవులు ఇచ్చుటతో తెలుగునాట ఊరూర వేసవి శిబిరములు మొదలగును. బడి ఆవరణములలో, మఠముల ముంగిళ్లలో, చెరువుగట్టున ఉన్న తోపులలో పిల్లలు ప్రొద్దుటనే గుమిగూడుదురు. కబడ్డీ, ఖోఖో, ఈత, కొండ ఎక్కుట, మొక్కలు నాటుట, పాటలు, బొమ్మలు – పదిదినములు పండుగవలె గడచిపోవును.

ఆ సందడి నడుమ ప్రహరీగోడ నీడన కూర్చున్న ఒక బాలుని ఊహింపుడు. వయస్సు పదేండ్లు. కాళ్లకు ఇనుప పట్టీలు. వాని చెల్లెలు ఆటలో ఉన్నది. తల్లి ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చినది. నిర్వాహకులు చెల్లెలి పేరు వ్రాసికొని, అన్న విషయమున “వీడు చూచుచు కూర్చుండునులే అమ్మా” అనిరి. ఆ మాటలో ద్వేషము లేదు, దయయే కలదు. అయినను ఆ పదిదినములలో ఆ బాలుడు నేర్చిన పాఠము ఒక్కటే: ఆట ఇతరులది, తనది చూచుట మాత్రమే. చెల్లెలు నేర్చిన పాఠమును అదియే. తక్కిన నలువదిమంది పిల్లలు నేర్చినదియు అదియే. నేర్పవలెనని ఎవరును తలపకున్నను ఆ శిబిరమున అందరికిని బాగుగా ఒంటబట్టిన పాఠము అదియే.

ప్రత్యేకావసరములు గల పిల్లలను సెలవుదినముల ఆరుబయలు కార్యక్రమములలో తక్కినవారితో కలుపుకొనుట యెట్లు? అందులకు ఏమి తెలియవలెను, ఏమి సిద్ధపరచవలెను? ఈ పాఠమున ఆ విషయము విచారింపబడుచున్నది.

ఆట దయాధర్మము కాదు

బిడ్డకు తిండి, చదువు, మందు అవసరమని అందరును ఒప్పుదురు. ఆట మాత్రము మిగులు సమయమున దొరకిన దొరకు వస్తువని పెక్కుమంది భావింతురు. చట్టము అట్లు భావించుట లేదు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణము విశ్రాంతిని, ఆటను బిడ్డ హక్కుగా పేర్కొన్నది. ఆ ఒడంబడికలో భారతదేశము 1992లో చేరినది. 2006 డిసెంబరులో ఆమోదము పొందిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణము మరియొక అడుగు ముందుకు వేసి, ఆటలలో, వినోదములలో, క్రీడలలో వికలాంగులైన పిల్లలకు ఇతర పిల్లలతో సమానముగా పాల్గొను అవకాశము ఉండవలెనని చెప్పినది. దీనిని భారతదేశము 2007 అక్టోబరులో ధ్రువీకరించినది.

ఆ బాట వెంటనే 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చి, 2017 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందు 1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములను మాత్రమే గుర్తించగా, ఈ చట్టము ఇరువదియొకటిని గుర్తించినది. ఆటిజము, మస్తిష్క పక్షవాతము, అభ్యసన వైకల్యము, సికిల్ సెల్, తలసీమియా, హీమోఫిలియా మున్నగునవి అందులో చేరినవి. కంటికి కనబడు వైకల్యము మాత్రమే వైకల్యము కాదని దీనివలన తెలియుచున్నది. ఈ చట్టపు 29వ సెక్షనులో స్కౌటింగు, నృత్యము, చిత్రకళ, ఆరుబయలు శిబిరములు, సాహస కార్యక్రమములలో వికలాంగులు పాల్గొనుటకు వీలు కల్పించవలెనన్న మాట స్పష్టముగా ఉన్నది. వేసవి శిబిరము చట్టము దృష్టికి రాని చిన్న సంగతి యని తలచువారు ఈ సెక్షను చదువదగును.

ఆ చట్టములోనే మరియొక ముఖ్యమైన భావన కలదు. దానిని సముచితమైన సర్దుబాటు అనవచ్చును. నిర్వాహకులపై మోయరాని భారము పడకుండ, ఆ బిడ్డ తక్కినవారితో సమానముగా పాల్గొనుటకు కావలసిన మార్పు చేయుటయే దాని అర్థము. కొండను చదును చేయుమని చట్టము కోరదు. కొండ అడుగున అందరును కలిసి ఆడదగిన ఆటను ఆలోచింపుమని కోరును.

రెండు శిబిరముల కథ

సెలవుదినపు శిబిరము ఎంత పని చేయగలదో తెలిసికొనుటకు అమెరికా దేశమున నడచిన రెండు శిబిరములను చూడవచ్చును.

మొదటిది 1962 జూన్ మాసమున మేరీలాండు రాష్ట్రమున ఒక ఇంటి పెరటిలో మొదలైనది. ఆ ఇంటి యజమానురాలు యూనిస్ కెన్నెడీ ష్రైవర్, అప్పటి అధ్యక్షుడు జాన్ కెన్నెడీకి సోదరి. ష్రైవర్ అక్క రోజ్‌మేరీ బుద్ధివికాస లోపముతో జీవించినది. అట్టి పిల్లలను వేసవి శిబిరములు చేర్చుకొనని కాలమున ష్రైవర్ తన పెరటినే శిబిరముగా మార్చినది. సమీపమున చదువుకొను విద్యార్థులను పిలిచి, పిల్లలకు తోడుగా నిలిపినది. ఈ పిల్లలకు ఈతయు, బంతియాటయు రావని అందరును అనుకొనుచుండగా, నేర్పిన చోట వచ్చునని ఆ పెరడు చూపినది. అక్కడ మొలచిన తలపే 1968 జూలైలో షికాగో నగరమున స్పెషల్ ఒలింపిక్స్ గా రూపొందినది.

రెండవది న్యూయార్కు రాష్ట్రపు కాట్‌స్కిల్ కొండలలో 1951లో ప్రారంభమై 1977 వరకు నడచిన జెనెడ్ శిబిరము. వికలాంగులైన యువతీయువకులు అచట వేసవి గడపుచుండిరి. అట్లు వచ్చినవారిలో జూడిత్ హ్యూమన్ ఒకరు. పసితనమున పోలియో సోకి చక్రాల కుర్చీకి పరిమితమైన ఆమెను, అగ్నిప్రమాదము జరిగినప్పుడు ఆ కుర్చీ అడ్డమగునన్న నెపముతో బడిలో చేర్చుకొనరైరి. శిబిరమున తనవంటివారితో కలిసి ఆడి, పాడి, తగవులాడి, తన బ్రతుకు గురించి తానే మాటలాడుట ఆమె నేర్చినది. 1977 ఏప్రిల్ నెలలో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ప్రభుత్వ భవనములో మూడు వారములకు పైగా కూర్చుండి వికలాంగుల హక్కుల నియమములను సాధించిన ఉద్యమమునకు నాయకత్వము వహించినవారిలో ఆమెయు, ఆ శిబిరపు మిత్రులును ఉండిరి. ఆమె 2023లో మరణించినది.

ఈ రెండు శిబిరములును ప్రత్యేకావసరములు గలవారి కొరకే యేర్పడినవి. నాడు వారికి మరియొక త్రోవ లేదు. నేటి ఆలోచన అంతకంటె ముందుకు సాగినది: ఊరి పిల్లలందరు ఆడు శిబిరముననే వారికిని చోటుండవలెను. అయినను పాత శిబిరములు చెప్పిన రెండు సత్యములు మారలేదు. బిడ్డకు తోడు ఒకరు కావలెను. బిడ్డ మాటకు విలువ ఉండవలెను.

చేర్చుకొనుటకు ముందు ఒక సంభాషణ

శిబిరము మొదలగుటకు కనీసము రెండు వారముల ముందు నిర్వాహకులు ఆ కుటుంబముతో కూర్చుండి మాటలాడవలెను. “మీ అబ్బాయికి ఏమి జబ్బు?” అన్నది మొదటి ప్రశ్న కారాదు. “అతనికి ఏది ఇష్టము?” అన్నది మొదటి ప్రశ్న కావలెను. తరువాత క్రమముగా ఈ విషయములు ఒక్క కాగితముపై వ్రాసికొనవలెను. బిడ్డ తన అవసరమును ఎట్లు తెలుపును – మాటతోనా, సైగతోనా, బొమ్మను చూపియా? దేనికి భయపడును? భయపడినప్పుడు ఏమి చేసిన నెమ్మదించును? మరుగుదొడ్డికి సాయము కావలెనా? ఏ మందు, ఏ వేళ, ఎవరు ఇయ్యవలెను? తినుటలో, మింగుటలో కష్టమున్నదా? ఆపద వచ్చిన ఎవరికి కబురు పంపవలెను?

ఇందులో బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టి పెద్దలే మాటలాడుకొనుట తగదు. బిడ్డను పేరుపెట్టి పిలిచి అడుగవలెను. అతడు ఒక్క మాట చెప్పినను, ఒక్క బొమ్మను వ్రేలితో చూపినను, ఆ శిబిరము అతనిది కూడ అగును. శిబిరము ప్రారంభమగుటకు ముందొక సాయంకాలము ఖాళీ మైదానమును చూపుట మంచిది. క్రొత్త చోటికి జంకు పిల్లలకు ఈ ఒక్క సందర్శనముతో సగము భయము తీరును.

ఆ కాగితము రహస్యముగా ఉంచదగినది. తోడుండువారికి, మందులు చూచువారికి తప్ప తక్కినవారికి దానితో పనిలేదు.

స్థలము, సమయము, ఎండ

తెలుగునాట వేసవి శిబిరమునకు మొదటి ప్రత్యర్థి ఎండ. ఏప్రిల్, మే మాసములలో పెక్కు జిల్లాలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటును. ఎండ అందరికిని హానికరమే కాని, కొందరు పిల్లలకు మరింత ముప్పు. వెన్నుపాము దెబ్బతిన్నవారికి దెబ్బతిన్న చోటికి దిగువ చెమట సరిగా పట్టదు. మూర్ఛకు వాడు కొన్ని మందులు చెమటను తగ్గించును. మాటలాడలేని బిడ్డ “దాహము” అని అడుగలేడు. కావున ఆటలు ప్రొద్దున ఆరింటి నుండి తొమ్మిదింటి లోపుననే ముగించుట, అరగంటకొకమారు అందరికిని నీళ్లో మజ్జిగయో ఇచ్చుట నియమముగా పెట్టుకొనవలెను. అడిగినవారికి ఇచ్చుట కాదు. అందరి చేతికి అందించుట.

సికిల్ సెల్ గల పిల్లలకు నీరు తగ్గుట, మితిమీరిన అలసట, చన్నీట హఠాత్తుగా దిగుట ఒళ్లునొప్పుల బాధను తెచ్చిపెట్టవచ్చును. వారిని ఈతకు నిషేధింపనక్కరలేదు. వైద్యుని సలహా పొంది, నీరు చల్లగా లేని వేళ, కొద్దిసేపు, మధ్య మధ్య విశ్రాంతితో దింపుట చాలును.

తరువాతది నేల. ఇసుకలో, కంకరలో చక్రాల కుర్చీ కదలదు. గట్టి నేలగల భాగమును ఆటకు ఎంచుకొని, దారిలో పాత తివాచీలో, చెక్కపలకలో పరచిన సరిపోవును. మెట్లున్న చోట వాలుబాట వేయవలెను. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవుండుట అందుకు సామాన్య నియమము. అంతకంటె నిటారుగా ఉన్నచో నెట్టువానికిని, కూర్చున్నవానికిని ప్రమాదమే. మరుగుదొడ్డి మాట చాలమంది మరతురు. తలుపు కుర్చీ పట్టునంత వెడల్పుండి, పట్టుకొనుటకు ఒక కడ్డీ ఉన్నచో చాలును. మరుగుదొడ్డి లేని కారణముననే తల్లులు బిడ్డలను ఇంట నిలుపుకొనుట పెక్కుచోట్ల జరుగును.

మైదానమున ఒక నిశ్శబ్దపు మూల ఉండవలెను. చెట్టునీడన చాప పరచి, మైకు మ్రోత తగ్గు చోట దానిని అమర్చవలెను. ఆటిజము గల బిడ్డకు శబ్దము, జనసమ్మర్దము భరింపరానివి కావచ్చును. ఆ మూల శిక్ష కాదని, ఎవరైనను ఎప్పుడైనను పోయి కూర్చుండవచ్చునని మొదటిదినముననే అందరికిని చెప్పవలెను.

ఆటను మార్చు నాలుగు ద్వారములు

ఇంగ్లాండు దేశపు వ్యాయామోపాధ్యాయులు వాడు ఒక సులభమైన పద్ధతి కలదు. స్టెప్ అని దానికి పేరు. స్థలము, పని, పరికరము, మనుషులు – ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానిని మార్చినను ఆట అందరికిని అందునా అని అడుగుటయే ఆ పద్ధతి. ఏడు పెంకులాటతో దీనిని పరీక్షింపవచ్చును.

స్థలము: బంతి విసరు గీతను కొందరికి దగ్గరగా గీయవచ్చును. ఆటస్థలమును చిన్నదిగా చేసిన పరుగు తగ్గును. పని: పరుగెత్తలేని బిడ్డ పెంకులు పేర్చు పని చేయును, అతడు పేర్చుచుండగా బంతితో కొట్టరాదని నియమము పెట్టవచ్చును. పరికరము: పెంకులకు మారుగా పెద్ద చెక్కబిళ్లలు, గట్టిబంతికి మారుగా మెత్తని గుడ్డబంతి వాడవచ్చును. బంతిలో గజ్జెలు కుట్టిన చూపులేని బిడ్డకును వినబడును. మనుషులు: ఇద్దరిని జతగా చేసి, ఇద్దరి పరుగును ఒక పరుగుగా లెక్కింపవచ్చును.

చేసిన మార్పు అందరికిని వర్తించినప్పుడు ఆట చెడదు. ఒక్కనికి మాత్రమే వెసులుబాటు ఇచ్చి, వానిని అవుట్ చేయక, “పాపము” అని విడిచిపెట్టుట ఆట కాదు. ఓడుటకు కూడ అవకాశము లేనివాడు ఆటలో ఉన్నట్లు కాదు.

చూపులేనివారి క్రికెట్టు ఈ సూత్రమునకు మంచి నిదర్శనము. అందు బంతి ప్లాస్టిక్కుతో చేసినది. లోపల ఇనుప గుండ్లుండి దొర్లునప్పుడు గలగలమనును. దానిని పైనుండి విసరక నేలబారుగా వేయుదురు. పరికరమును, పనిని కొద్దిగా మార్చుటతో ఆ ఆట 1998లో న్యూఢిల్లీలో ప్రపంచకప్పు జరుపుకొనునంత ఎదిగినది.

ఒక్కొక్క అవసరము, ఒక్కొక్క మెలకువ

వినికిడి లోపముగల పిల్లలకు ఈల పనిచేయదు. ఎఱ్ఱజెండా ఎత్తిన “ఆగుము”, పచ్చజెండా ఎత్తిన “మొదలిడుము” అని అందరికిని ఒకే సంకేతము పెట్టవలెను. ఆట నేర్పువాడు సూర్యుని వెనుక పెట్టుకొని నిలువరాదు. వెలుగు తన ముఖముపై పడునట్లు నిలిచిననే పెదవుల కదలిక కనబడును. నీటి ఆటలకు ముందు వినికిడి యంత్రము తీసి భద్రపరచవలెను.

చూపులేని బిడ్డను చేయిపట్టి లాగరాదు. తన మోచేతిని అందించి, తాను అరడుగు ముందు నడువవలెను. దారిలో గుంట, మెట్టు, కొమ్మ ఉన్నచో నోటితో చెప్పవలెను. సున్నపు గీత క్రింద సన్నని త్రాడు పరచిన పాదమునకు గీత తెలియును.

బుద్ధివికాసమున వెనుకబడిన బిడ్డకు ఒక్కమారు ఒక్క మాటయే చెప్పవలెను. చెప్పుటకంటె చేసి చూపుట మేలు. ఆటిజము గల బిడ్డకు దినచర్యను బొమ్మలుగా గీచి గోడకు అంటించవలెను. ఆట మారుటకు ఐదు నిమిషముల ముందు తెలియజేసిన కలవరము తగ్గును.

మస్తిష్క పక్షవాతము గల కొందరికి మింగుట కష్టము. వారిని నిటారుగా కూర్చుండబెట్టి, తొందరపెట్టక, చిన్న ముద్దలుగా పెట్టవలెను. పడుకొనియుండగా త్రాగించుట ప్రమాదము. హీమోఫిలియా గలవారు కబడ్డీ వంటి ఒరిపిడి ఆటలకు బదులు నడక, ఈత వంటివి ఎంచుకొనవలెను.

ఆపద వేళ

నిజముగా భయపడవలసిన సంగతులు కొన్ని కలవు. వానికి జవాబు బిడ్డను వెలిపెట్టుట కాదు, సిద్ధముగా ఉండుట.

మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళపుచెవులు, ఇనుపముక్క పెట్టు అలవాటు నేటికిని కలదు. దానివలన ప్రయోజనము లేదు. నోటిలో ఏమియు పెట్టరాదు, నీళ్లు పోయరాదు, కాలుసేతులు గట్టిగా అదిమి పట్టరాదు. చుట్టునున్న రాళ్లను తొలగించి, తల క్రింద మెత్తని వస్త్రము పెట్టి, బిడ్డను ప్రక్కకు ఒరిగించి, గడియారము చూడవలెను. ఐదు నిమిషములు దాటినను, ఒకదాని వెంట ఒకటిగా వచ్చినను, నీటిలో ఉండగా వచ్చినను 108కి ఫోను చేయవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005లో మొదలైన ఈ సేవ నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను కలదు. మూర్ఛ గల బిడ్డ నీటిలో దిగినప్పుడు చేతికందు దూరమున ఈత వచ్చిన పెద్దవారు ఒకరు తప్పక ఉండవలెను.

ఆటిజము గల కొందరు పిల్లలు చెప్పక వెళ్లిపోవుదురు, నీటివైపు ఆకర్షింపబడుదురు. బావి, చెరువు, కాలువ దగ్గరలో ఉన్నచో కంచె గాని కావలి గాని లేక శిబిరము నడుపరాదు. గంటకొకమారు తలలు లెక్కింపవలెను. బిడ్డ కనబడనిచో మొదట వెదకవలసినది నీటి దగ్గర.

తోటి పిల్లలు

పెద్దలు ఎంత యేర్పాటు చేసినను, తోటి పిల్లల మనస్సు కలువనిచో ఆ బిడ్డ గుంపులో నుండియు ఒంటరియే. వైకల్యమును బట్టి మారుపేరు పెట్టి పిలుచు అలవాటు ఊళ్లలో ఇంకను పోలేదు. మొదటిదినముననే పేరుతోనే పిలువవలెనని నియమము చేయవలెను. పిల్లలు అడుగు ప్రశ్నలను కసరి ఆపరాదు. “వానికి మాట ఎందుకు రాదు?” అని అడిగిన బాలికకు “అతడు బొమ్మలు చూపి మాటలాడును, నీవును నేర్చికొనుము” అని చెప్పిన చాలును.

జత చేయునప్పుడు ఒకే బిడ్డను పదిదినములును తోడుగా కట్టివేయరాదు. అది స్నేహముగా మొదలై చాకిరిగా మారును. దినమునకొకరిని మార్చవలెను. సాయము పొందు బిడ్డకు సాయము చేయు వంతును ఇయ్యవలెను. నడువలేనివాడు లెక్క వేయును. మాటలాడలేనిది మజ్జిగ పంచును.

ఖర్చు, చేతులు

“ఇంత చేయుటకు ధనమెక్కడిది?” అన్న ప్రశ్న సహజము. పైన చెప్పినవానిలో గజ్జెల బంతి, రెండు జెండాలు, బొమ్మల కాగితము, చాప, త్రాడు – వీని ఖర్చు స్వల్పము. ఖర్చు అధికమైనది మనుషులు. సెలవులలో ఇంటనున్న కళాశాల విద్యార్థులను పిలిచి, ఒక్క దినము శిక్షణ ఇచ్చి తోడు నిలుపవచ్చును. మండలములలో పనిచేయు భవిత కేంద్రముల ఉపాధ్యాయులను సలహా అడుగవచ్చును. బుద్ధివికాస వైకల్యము విషయమున 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ సికింద్రాబాదుననే ఉన్నది. అన్నిటికంటె మిన్నగా ఆ బిడ్డ తల్లికి తెలిసినంత మరెవ్వరికిని తెలియదు. ఆమెను ఉపాధ్యాయురాలిగా భావింపవలెను. కాని బిడ్డ వెంట దినమంతయు కూర్చుండుమని మాత్రము కోరరాదు. ఇతర తల్లులకు లేని షరతు ఆమెకు విధించుట న్యాయము కాదు. ఆమెకును ఆ మూడు గంటల విశ్రాంతి అవసరము.

అన్నియు ఒకే వేసవిలో అమరవు. ఈ యేడు ఒక్క బిడ్డను చేర్చుకొని, ఏది కుదిరినది, ఏది కుదరలేదు అని చివరిదినమున ఆ బిడ్డనే అడిగి వ్రాసికొనిన, రాబోవు యేటికి ఆ కాగితమే మార్గదర్శి యగును.

గోడ నీడన కూర్చున్న ఆ పదేండ్ల బాలునికి మరల రండు. అతని కాళ్లు మారవు. ఇనుప పట్టీలు మారవు. గీత రెండడుగులు దగ్గరకు జరిగినది, పెంకులు పేర్చు పని అతనిదైనది. అతడు పేర్చుచుండగా చెల్లెలి జట్టు ఓడినది, ఆమె అలిగినది. ఆ అలుకయే శిబిరము సఫలమైనదనుటకు గుర్తు. అన్న ఆమెకిప్పుడు జాలిపడదగినవాడు కాడు, ఎదుటి జట్టువాడు.

మననమునకు ప్రశ్నలు

1. మీ ఊరి వేసవి శిబిరమునకు రాని పిల్లలెవరు? వారు రాకపోవుటకు కారణము వారి శరీరమా, అచటి ఏర్పాటా?

2. మీ పిల్లలు ఆడు ఆట ఒకదానిని తీసికొని, స్థలము, పని, పరికరము, మనుషులు – ఈ నాలుగింటిని క్రమముగా మార్చి చూడుడు. ఆట ఎవరెవరికి అందినది?

3. మూర్ఛ వచ్చినప్పుడు చేయవలసినవి, చేయరానివి మీ ఇంట ఎందరికి తెలియును?

4. దయతో చోటిచ్చుటకును, హక్కుగా చోటుండుటకును గల భేదమును పిల్లలకు మీ మాటలలో చెప్పుడు.